నిత్యధ్యానము: ఒక గుమాస్తాగారి లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమున వేదాంత గ్రంథముల బీరువాలో, క్రింది అరయందు, ఏడు నోటుపుస్తకములు కలవు. అచ్చుపుస్తకములు కావు గనుక వానిని అడిగి తీసికొనువారు అరుదు. ఈ గ్రామమున పుట్టి, సికింద్రాబాదున రైల్వే లెక్కల శాఖలో గుమాస్తాగా పనిచేసి, 1995లో ఉద్యోగ విరమణ చేసి ఊరు చేరిన ఒక పెద్దమనిషి, తన నిత్యధ్యానమును గూర్చి వ్రాసికొన్న లెక్క అది. లెక్క అనుట మాటవరసకు కాదు. తారీఖు, కూర్చున్న వేళ, లేచిన వేళ, నడుమ జరిగినది, జరుగనిది, అన్నియు చిట్టా వ్రాసినట్లే వ్రాసిరి. 1971 మొదలు 2009లో కాలధర్మము నొందువరకు ఆ వ్రాత సాగినది. పేరు చెప్పవలదని కుటుంబమువారి కోరిక. ఊరిలోని పెద్దలకు ఆయన ఎవరో తెలియకపోదు. తెలిసినవారు ఊరకుండుట మర్యాద.

ధ్యానమును గూర్చిన గ్రంథములకు ఈ దేశమున కొదువ లేదు. అయితే అవి చాలవరకు ఒడ్డు చేరినవారు వ్రాసినవి. ఏటి నడుమ ఈదుచు, మునిగి, మరల తేలి, మరల మునిగినవాడు ఏనాటికానాడు వ్రాసికొన్న లెక్క దొరకుట కష్టము. నేటి ప్రసంగమునకు ఆ పుస్తకములను ఎన్నుకొనుటకు కారణమదియే.

ఆయన ధ్యానమునకు పూనుకొన్నది మోక్షాపేక్షచేత కాదు, కోపమునకు తాళలేక. అప్పటికి ముప్పది నాలుగేండ్ల వయస్సు. చిలకలగూడలో రెండు గదుల అద్దె ఇల్లు, ఇల్లాలు, ఎనిమిదేండ్ల కుమారుడు, ఉయ్యాలలో ఆడుబిడ్డ. కార్యాలయమున నెలాఖరు లెక్క నాలుగు రూపాయలు తేడా వచ్చినచో రాత్రి వరకు కూర్చుండి వెదకవలెను. అక్కడ నోరు మెదపుటకు వీలులేని కోపము ఇంటికి వచ్చి నోరు తెరచుచుండెను. ఒకనాడు పిల్లవాడు సిరాబుడ్డి ఒలికించెను. తండ్రి కొట్టిన దెబ్బకు ఆ బాలుని చెవి సాయంకాలమువరకు ఎఱ్ఱగా నుండెనట. మొదటి నోటుపుస్తకము ఈ సిరాబుడ్డితోనే మొదలగుచున్నది.

ఆ వారముననే, మార్కెటుకు పోవు త్రోవలో, తోడి ఉద్యోగి యొకరు మహబూబు కాలేజీని చూపి ఒక సంగతి చెప్పిరి. ఆ విద్యాలయము 1862లో సోమసుందరం మొదలియారుగారు పాఠశాలగా స్థాపించినది. తరువాత ఆరవ నిజాము మహబూబు అలీఖాను పేర వెలసినది. అచ్చట 1893 ఫిబ్రవరి 13వ తేదీన వివేకానందస్వామి ప్రసంగించిరి. అప్పటికి చికాగో లేదు, కీర్తి లేదు. పడమటి దేశములకు తాను పోదలచిన కార్యమును గూర్చి ఆ యువసన్న్యాసి వేయిమందికి పైబడిన సభలో పలికిరి. సికింద్రాబాదు హిందువులే ముందుగా ఫలములు, పాలు గొనిపోయి ఆయనను సభకు రమ్మని వేడిరి. ఆ స్వామియే మూడేండ్లకు, 1896లో, రాజయోగమను గ్రంథమును వెలువరించిరి. ఈ కథ విన్న గుమాస్తాగారు ఆ గ్రంథపు తెలుగు అనువాదమును ఒక పఠనాలయమునుండి తెచ్చుకొనిరి. దినమునకు రెండు పర్యాయములు, ఉదయము సాయంకాలము కూర్చుండవలెనని అందున్నది. సాధన ముగియనిదే భుజింపరాదను నియమము పెట్టుకొనుట మేలని ఉన్నది. వీలున్నవారు అందుకు వేరొక గదిని ఉంచుకొనవలెనని ఉన్నది. ఆ వెంటనే, గది దొరకనివారు ఎక్కడనైనను కూర్చుండవచ్చునని కూడ ఉన్నది. గుమాస్తాగారి కన్ను మొదటి మాటమీద నిలిచి రెండవ మాటమీదుగా జారిపోయినది. చదువరులకు ఇది సాధారణమే. మనకు కావలసిన వాక్యము పెద్ద అక్షరములలో కనబడును, మనలను తప్పుపట్టు వాక్యము కానరాదు.

ఉన్న రెండు గదులలో నొకటి ధ్యానమందిరమైనది. తెల్లవారుజామున 5 గంటలకు ఇల్లాలు, పిల్లలు ముందు గదిలోనికి తరలవలెను. చాప, దీపము, అగరుబత్తి, గోడ గడియారము సిద్ధమైనవి. తొలిదినముల వ్రాత చదువుచుండగా నవ్వు రాక మానదు. పది నిమిషములు గడచినవని కన్ను తెరచి చూచిన, గడియారములో మూడు నిమిషములే. మోకాలు నొప్పి, ముక్కుపై దురద, ఏనాడో మరచిన సినిమా పాట, మొన్నటి లెక్కలో తేడా. తేడా ఎక్కడనున్నదో ధ్యానములో దొరికినదని ఒకనాడు సంతోషముతో వ్రాసికొనిరి! ఇరువదవ దినమున కనురెప్పల వెనుక నీలకాంతి కనబడినది. మూడు దినములు అదే కనబడి, నాలుగవ దినమున ఎఱ్ఱకాంతియైనది. తరువాత తెలిసినదేమనగా, ఎదుటి డాబాపై పెండ్లికి కట్టిన రంగుదీపముల వెలుగు గవాక్షముగుండ పడుచుండెను. ఈ సందర్భమున ఒక మాట. వివేకానందస్వామి కూడ హైదరాబాదులోనే ఒక విచిత్ర పురుషుని చూచిరి. కంబళి చాటునుండి ద్రాక్షలు, నారింజలు, చివరకు మంచుబిందువులు గల గులాబీలు తీసియిచ్చిన ఆ మనుష్యుని కథను 1900లో అమెరికాలో ఒక ఉపన్యాసమున చెప్పిరి. చూచినది చూచినట్లు చెప్పిరేగాని, దానికొరకు సాధన చేయుమని ఎవరికిని చెప్పలేదు. గులాబీలు కోరి కూర్చుండువారికి పూలమ్మువాని అంగడి దగ్గర త్రోవ.

నలువది దినములు విడువక సాగినది. నోటుపుస్తకమున ఆ అంకె చుట్టు రెండు గీతలున్నవి. అయితే ఆ నలువది దినములలో ఇంటిలోనివారి స్థితి ఏమైనదో ఆ పుటలలో లేదు. చెంబు క్రింద పడరాదు. పసిబిడ్డ ఏడువరాదు. కుళాయి నీరు వచ్చు వేళ అదియే. బిందె చప్పుడు కారాదు. చప్పుడైనచో మూసిన తలుపు వెనుకనుండి ఒక గర్జన. చిలకలగూడ రైల్వేస్టేషనుకు కూతవేటు దూరము. ఇంజనుల కూతలను ఆపుటకు ఆయనకు శక్తి లేదు గనుక, ఆ కోపము కూడ బిందెపైననే తీరుచుండెను. ఇల్లాలు అనిన మాటను తరువాత ఆయనయే వ్రాసి యుంచిరి:

“మీరు కండ్లు మూసుకుంటే మేము నోర్లు మూసుకోవాలె. దీనికంటె మీ పాత కోపమే నయం. అది వచ్చి పోతుండె. ఇది దినాం పొద్దుగాల్నే వస్తుంది.”

ఈ మాటను ఆయన లెక్కచేయలేదు. రెండు దినములకు, ఆదివారమున, ప్రక్కయింటి బాలుడు గోలీల ఆటకు పిలువవచ్చెను. లోపల కన్నులు మూసి కూర్చున్న తండ్రి చెవికి వాకిట కుమారుని గుసగుస వినబడినది:

“సప్పుడు చెయ్యకుర్రా. మా నాయిన ధ్యానం జేస్తుండు, కొడ్తడు.”

ఆనాటి పుటలో ఈ వాక్యము తప్ప మరేమియు లేదు. కూర్చున్న వేళ లేదు, లేచిన వేళ లేదు. ఆ తరువాత ఏడేండ్లు పుస్తకము ఖాళీ.

ఇక్కడ నిలిచి ఆలోచింపవలసియున్నది. నిత్యధ్యానము విడిచిపెట్టినవారు సాధారణముగా చెప్పు కారణములు తీరిక లేకపోవుట, నిద్ర, అనారోగ్యము. పతంజలి యోగసూత్రముల మొదటి పాదమున తొమ్మిది అంతరాయములను చెప్పెను: వ్యాధి, స్త్యానము అనగా మనస్సు మొద్దువారుట, సంశయము, ఏమరుపాటు, సోమరితనము, విషయములపై వదలని తగులము, భ్రాంతి, మెట్టు చిక్కకపోవుట, చిక్కిన మెట్టుపై నిలువలేకపోవుట. గుమాస్తాగారి పతనము ఈ తొమ్మిదింటిలో దేని పద్దు క్రిందికి వచ్చును? ఆయన సోమరి కాదు, వ్యాధిగ్రస్తుడు కాదు. కోపమును మాన్పుటకు తెచ్చుకొన్న మందే కోపమునకు క్రొత్త కారణమైనది. ఆ సూత్రముల వరుసను శ్రద్ధగా చూచిన మరియొక సంగతి తోచును. అంతరాయములు చెప్పిన పిమ్మట, ఉచ్ఛ్వాస నిశ్వాసముల సాధనను చెప్పకమునుపే, సుఖముగా నున్నవారియెడ మైత్రి, దుఃఖించువారియెడ కరుణ, పుణ్యులయెడ సంతోషము, పాపులయెడ ఉపేక్ష వహించిన చిత్తము తేరుకొనునని పతంజలి చెప్పెను. ఊపిరికంటె ముందు ఇరుగుపొరుగు. ఇంటిలోనివారు అంతకంటెను ముందు కావలెను గదా! ఈ సూత్రమును గుమాస్తాగారు మూడవ పుస్తకములో ఎఱ్ఱసిరాతో ఎత్తి వ్రాసికొనిరి. అప్పటికి 1979 వచ్చినది.

నడుమ జరిగినది చెప్పవలెనన్న రంగము పోయి రావలెను. ఉత్తరాంధ్ర తీరమునుండి వేలాది తెలుగువారు ఒకప్పుడు ఓడలెక్కి పొట్టకూటికి పోయిన రంగమే, అనగా రంగూను. అచ్చట ఊ బా ఖిన్ అను ఒక బర్మా దేశీయుడు అకౌంటెంటు జనరలు కార్యాలయమున గుమాస్తాగా చేరెను. 1937లో, ఉద్యోగము చేయుచునే, సయా తెజ్జీ అను గృహస్థ గురువు వద్ద విపశ్యన నేర్చుకొనెను. ఆ గురువు పొలము దున్నుకొని బ్రదికినవాడు. రైతు సోదరులు ఇది గమనింపవలెను. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైన దినముననే ఊ బా ఖిన్ ఆ దేశమునకు అకౌంటెంటు జనరలు ఆయెను. ఫైళ్లు విడువలేదు, ధ్యానమును విడువలేదు. కార్యాలయపు ఉద్యోగులకు కూడ నేర్పెను. 1952లో రంగూనున ధ్యానకేంద్రము నెలకొల్పెను. 1955లో ఆయన దగ్గరకు సత్యనారాయణ గోయెంకా అను వర్తకుడు తీవ్రమైన తలనొప్పితో వచ్చెను. తలనొప్పి మానుటకు మాత్రమే వచ్చువారికి ఈ విద్య నేర్పనని గురువు మొదట త్రిప్పి పంపెనట. గోయెంకా పదునాలుగేండ్లు శుశ్రూష చేసి, 1969లో భారతదేశమునకు వచ్చి నేర్పసాగిరి. 1976లో హైదరాబాదు వెలుపల, నాగార్జునసాగరు పోవు త్రోవన, ధమ్మఖేత్త అను కేంద్రము వెలసినది. ఊ బా ఖిన్ 1971లో గతించిరి. సికింద్రాబాదు గుమాస్తాగారు మొదటి పుస్తకము తెరచిన సంవత్సరమదియే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

లెక్కల ఉద్యోగి యొకడు ధ్యానము చేసెనను మాటయే గుమాస్తాగారిని కదలించినది. 1978లో సెలవు పెట్టి పది దినములకు ధమ్మఖేత్తకు పోయిరి. ఉదయము 4 గంటలకు లేవవలెను, ఎవరితోను మాటాడరాదు, పుస్తకము, కలము ఉండరాదు, మధ్యాహ్నము తరువాత భోజనము లేదు. మూడు దినములు ముక్కుపుటముల దగ్గర ఊపిరి రాకపోకలను చూచుటయే పని. నాలుగవ దినము మొదలు శరీరమున పుట్టి పోవు స్పర్శలను చూడవలెను. కలము లేదు గనుక ఆ అనుభవములను ఇంటికి వచ్చి వ్రాసిరి. మూడవ దినమున ప్రక్కన కూర్చున్నవాని దగ్గుపై కోపము పట్టరానిదైనది. బిందె లేదు, ఇల్లాలు లేదు, పిల్లవాడు లేడు. కోపము మాత్రము వెంట వచ్చినది. దోషము చప్పుడుది కాదని అప్పుడు తెలిసెనట. ఆరవ దినమున ఇంకొకటి కనిపెట్టిరి. దగ్గు వినబడగనే మొదట కుడి దవడ బిగుసుకొనును. తరువాత చెవులు వేడెక్కును. ఆ తరువాతనే మాట పుట్టును. దవడకును మాటకును నడుమ ఒక్క ఊపిరి పట్టునంత సందున్నది. ఇన్నేండ్లు ఆ సందు ఉన్నదనియే తెలియలేదని వ్రాసికొనిరి. పదునొకండవనాడు ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, చాపను లోపలి గదినుండి తీసి వంటయింటి గడప ప్రక్కన పరచుట. ఇల్లాలు నమ్మలేదు. నెల దినములు బిందెను గుడ్డ చుట్టియే దించినదట.

ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట అని అక్కడి ఉపదేశము. గుమాస్తాగారికి సాగినది ఉదయము అరగంట. సాయంకాలపు గళ్లు చాలవరకు సున్నలు. ఆ సున్నలను దాచలేదు. పుట అంచున పతంజలి అంతరాయముల అంకె వేయు అలవాటు ఇప్పుడే మొదలైనది. రెండు, ఐదు అనునవి తరచుగా కనబడును. అనగా మొద్దుదనము, సోమరితనము. ఏండ్లు గడచినకొలది తొమ్మిది ఎక్కువైనది: చిక్కినది నిలువకపోవుట.

అన్నింటికంటె విలువైన భాగము 1981వ సంవత్సరపుది. ఆ యేట తండ్రి పోయిరి. కర్మలకు ఊరికి వచ్చిరి. అన్నదమ్ముల పంపకములు, బావి వంతు, వరికోతలు. ఐదు మాసములు ధ్యానము లేదు. తిరిగి సికింద్రాబాదు చేరి, పోయిన దినములకు సరిపెట్టవలెనని దినమునకు మూడు గంటలు కూర్చుండ మొదలిడిరి. వారము తిరుగక నడుము పట్టి మంచమెక్కిరి; మరల రెండు మాసములు సున్న. పట్వారీ లెక్కలు ఎరిగినవారికి ఈ తప్పు వెంటనే తెలియును. కరువేండ్ల బకాయినంతయు ఈ యేటి శిస్తుతో కలిపి ఒక్కసారి వసూలు చేయబూనినచో బకాయియు రాదు, శిస్తును రాదు. రైతు ఊరు విడిచిపోవును. బకాయిని కొట్టివేసి ఈ యేటి శిస్తు గైకొనుటయే ఊరు నిలుచు త్రోవ. గుమాస్తాగారు చివరకు అదే చేసిరి. ఒకనాటి వ్రాత: ఐదు నిమిషములు కూర్చుంటిని, పాతది రద్దు. మరునాడును ఐదు. అటుపై ఏడు. అరగంట చేరుటకు సంవత్సరము పట్టినది.

భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు రెండు ప్రశ్నలు వేసెను. మనస్సు గాలివలె పట్టరానిదను మొదటిది అందరికి తెలిసినదే. అభ్యాస వైరాగ్యములచే పట్టవచ్చునను సమాధానము కూడ ప్రసిద్ధమే. ఉపన్యాసకులు సాధారణముగా అక్కడ ఆగుదురు. రెండవ ప్రశ్న మరింత దయనీయమైనది. శ్రద్ధ యుండియు నడుమ జారిపోయినవాడు చెదరిన మబ్బుతునకవలె ఇటును అటును కాక చెడిపోవునా అని అడిగెను. మేలు చేయబూనినవాడు ఎన్నడును చెడిపోడని భగవానుని ఉత్తరము. రోజూ కూర్చుండువాని కొరకు మొదటి ఉత్తరము. ఐదు మాసములు కూర్చుండక, సిగ్గుచే చాప వైపు చూడలేనివాని కొరకు రెండవది. గుమాస్తాగారి గీతాప్రతిలో రెండవ ఉత్తరమున్న పుటయే నలిగియున్నది.

కోపము పోయెనా అని అడుగువారుందురు. ఆయన అరచిన దినములను కూడ లెక్కలో వేసిరి. మొదటి పుస్తకమున పుటకు రెండు మూడు పద్దులు. నాలుగు, ఐదు పుస్తకములలో పుటలు తిరుగవేసి వెదకవలెను. ఏడవ పుస్తకమున, కీళ్లనొప్పులతో మంచమున నున్న చివరి రెండేండ్లలో, మరల కలవు. ఒకనాడు కోడలిపై, ఒకనాడు మందు తెచ్చిన బాలునిపై. ప్రతిదాని ప్రక్కన, దవడ తెలిసినది లేక దవడ తెలియలేదు అని వ్రాసియున్నది. తెలియలేదనునవే కొంచెము ఎక్కువ. లెక్కలో మోసము చేసికొనలేదు.

2010లో ఆయన కుమారులు గ్రంథములతో పాటు ఈ ఏడు పుస్తకములను సంచిలో పెట్టుకొని వచ్చిరి. అప్పటికి వారికి నలువదియేడేండ్లు. తండ్రి పోయిన తరువాత గాని వానిని విప్పి చూడలేదట. మొదటిది తప్ప తక్కిన ఆరింటిలోను మొదటి పుటపై, ఇంకేమియు వ్రాయకమునుపే, ఆ వాకిటి గుసగుస వాక్యము, దాని తారీఖు ఎత్తి వ్రాసియున్నవి. గ్రంథపాలకుని బల్ల దగ్గర కూర్చుండి కుమారులు ఆ ఆరు పుటలను వరుసగా తెరచి చూపిరి. ఆ మాట తాను అనినట్లు తనకు జ్ఞాపకమే లేదని చెప్పిరి. సిరాబుడ్డి జ్ఞాపకమున్నది, తండ్రి తనతో కూర్చుండి గోలీలాడిన ఒక సాయంకాలము కూడ జ్ఞాపకమున్నది, ఈ మాట మాత్రము లేదు. కొంతసేపు ఊరకుండి, పుస్తకములను ఎవరైనను చదువవచ్చునా అని అడిగిన గ్రంథపాలకునికి, చదువవచ్చునని చెప్పి, సంఖ్య చూచి అప్పగించి రసీదు తీసికొని బస్సుకు పోయిరి.

అవి ఇంటికి ఇచ్చునవి కావు. ఉదయము గ్రంథాలయము తెరచు వేళ వచ్చిన చందాదారులు ఇచ్చటనే కూర్చుండి చదువుకొనవచ్చును.